ఆ లెక్క ఎవరిది

మా రంగంలో ఒక పద్ధతి ఉంది. సిద్ధాంత భౌతికశాస్త్రంలో ఇద్దరు ముగ్గురు కలిసి ఒక పరిశోధన వ్యాసం రాస్తే, దాని మీద పేర్లు ఇంగ్లీషు అక్షర క్రమంలో వేస్తారు. పెద్ద ప్రొఫెసరైనా అంతే, నిన్నగాక మొన్న చేరిన విద్యార్థి అయినా అంతే. మిగతా సైన్సుల్లో అలా కాదు. అక్కడ ఎక్కువ పని చేసినవాళ్ళ పేరు ముందు, ప్రయోగశాల నడిపే పెద్దాయన పేరు చివర, మధ్యలో ఎవరు ఎక్కడ అని కొట్లాటలు. మా దగ్గర ఆ గొడవ లేదు. ఈ సంగతి మొదటిసారి విన్నప్పుడు నా ఆనందం అంతా ఇంతా కాదు. మేం మాదిగలం. పెళ్ళి భోజనాల్లో వరుస, బోరింగు దగ్గర వరుస, బడిలో బెంచీల వరుస, అన్నీ చూసి వచ్చినదాన్ని. ఎవరు ముందు, ఎవరు వెనక అన్న మాటే లేని చోటు ఒకటి భూమ్మీద ఉందంటే, అందులోకి దూరిపోవాలనిపించింది. దూరాను కూడా.

ఆ పద్ధతే ఒకరోజు నా కొంప ముంచుతుందని ఎవరైనా చెప్పి ఉంటే నవ్వేదాన్ని.

ప్రస్తుతం నేను ఆర్మూరులో ఒక డిగ్రీ కాలేజీలో ఫిజిక్సు చెప్తున్నాను. పర్మినెంటు కాదు, గెస్టు లెక్చరర్ని. గెస్టు అంటే ఎప్పుడైనా పొమ్మనడానికి వీలైన మనిషి అని అర్థం. పొద్దున ఆలూర్ నుంచి, జక్రాన్‌పల్లి నుంచి బస్సుల్లో వేలాడుతూ వచ్చే పిల్లలకి న్యూటన్ సూత్రాలు చెప్తాను. దేశంలోని మంచి పరిశోధన సంస్థల్లో ఒకదానిలో నా పీహెచ్‌డీ అయింది. ఆ తర్వాత జర్మనీలో ఒక ప్రొఫెసరు దగ్గర కొన్నాళ్ళు పరిశోధన. తర్వాత ఉద్యోగం దొరక్క ఇంటికి. ఇల్లు అంటే అక్క ఇల్లు. మా అక్క బీడీలు చుడుతుంది. పసుపు తవ్వే రోజుల్లో చేన్లకు కూలికి పోతుంది, మిగతా కాలమంతా ఒళ్ళో చాట, చాటలో తంబాకు, పక్కన కత్తిరించిన ఆకు. నన్ను చదివించింది అదే. ఆ మాట నేనంటే ఒప్పుకోదు. "నువ్వు సదువుకున్నవ్, నేను సూస్తా కూసున్న, గంతే" అంటుంది.

ముందు గదిలో ఒక గోడకి నల్ల రంగు వేయించుకున్నాను. అదే నా ఆఫీసు. అక్క కింద కూచుని బీడీలు చుట్టేది, నేను నిలబడి సుద్దముక్కతో లెక్కలు రాసేదాన్ని. సుద్ద పొడి వచ్చి తంబాకులో పడుతుందని రోజూ మాకు లొల్లి. కార్ఖానాలో మాల్ వాపస్ కొడితే నీ లెక్కలు తెచ్చి చూపిస్తవా అని అరిచేది. నేనూ తగ్గేదాన్ని కాదు. అక్క మీద కాకపోతే ఇంకెవరి మీద అరుస్తాను?

ఆ గోడ మీద చేసిన లెక్క సంగతి చెప్పాలి, లేకపోతే తర్వాత జరిగింది అర్థం కాదు. భయపడొద్దు, కష్టమేమీ లేదు. ఒక కృష్ణబిలం మీద ఏదైనా వచ్చి పడితే, అది కొట్టిన గంటలా కాసేపు మోగి నిమ్మళిస్తుంది. ఆ మోత ఎలా తగ్గుతుందో లెక్క కట్టాలి. ఒక రకం కృష్ణబిలాలకు మాత్రం లెక్క ఎక్కడో ఒకచోట అనంతానికి పోయి కూచుంటుంది, అంటే పాడైపోతుంది. అందరూ ముందు దూరాన్ని పెంచుకుంటూ పోయి, తర్వాత కాలాన్ని పెంచేవారు. నేను ఆ క్రమం తిరగేశాను. ముందు కాలం, తర్వాత దూరం. అనంతం రెండు ముక్కలై ఒకదాన్నొకటి కొట్టేసుకుంది. అంతే. వినడానికి ఇంతేనా అనిపిస్తుంది. అలా తిరగేయడానికి నాకు హక్కు ఉందని రుజువు చేయడానికి ఒక వానాకాలం పట్టింది.

ఈ మాట ఎవరికి చెప్పినా, అక్క బీడీలు చుట్టడం చూసి తట్టిందా అని మురిసిపోతూ అడుగుతారు. కాదు. బీడీలు చూస్తే బీడీలే కనపడతాయి. చేసిన లెక్క మళ్ళీ చేసి, చెరిపి, మళ్ళీ చేసి, విసిగి, ఏడ్చి, తట్టింది. ప్రపంచంలో ఎవరికైనా అలాగే తడుతుంది.

లెక్క తేలిన రోజు మా గైడుకి ఫోన్ చేశాను. నా పీహెచ్‌డీ గైడు, హైదరాబాదు పెద్దాయన. నేను చెప్తూ పోయాను, ఆయన వింటూ పోయారు. తర్వాత ఆయన అడిగిన ప్రశ్నలు, దిద్దిన వాక్యాలు, మరో పద్ధతిలో సరిచూసి పెట్టడం, అదంతా పెద్ద సాయం. అందుకే వ్యాసం మీద ఇద్దరి పేర్లూ వేశాం. అక్షర క్రమంలో ఆయనది ముందు, నాది వెనక. నాకు వీసమెత్తు బాధ లేదు.

ఆయన గురించి నేను చెడ్డగా రాయలేను. ఇప్పటికీ రాయలేను, అదే నా బాధ. నేను పీహెచ్‌డీలో చేరినప్పుడు ఒక ప్రొఫెసరు నా వైపు చూసి, చాలా ప్రేమగా, "నువ్వు ల్యాబులో చేరమ్మా, మీవాళ్ళు చేతిపని బాగా చేస్తారు" అన్నాడు. నా చేతులు ఆయన ఎప్పుడు చూశాడో నాకు అర్థం కాలేదు. అప్పుడు మా సార్ అడ్డుపడి, "ఆమె మార్కులు చూశారా? నా దగ్గర చేరుతుంది" అని నన్ను తీసుకుపోయారు. వాళ్ళింట్లో ఎన్నోసార్లు వాళ్ళ పక్కనే కూచుని తిన్నాను. నా ఇంగ్లీషు ఓపికగా దిద్దారు. నా ఆర్మూరు మాట వినపడితే "ముచ్చటగా ఉందమ్మా, ఇంకోసారి అను" అనేవారు. అందులో నాకు తప్పు కనపడలేదు. ఆయన పాఠం మొదలుపెడుతూ ఎప్పుడూ ఒక మాట అనేవారు. ప్రకృతి నియమాలకి, చూసేవాడు ఎవరన్నది పట్టదు. ఎవరు ఎక్కడి నుంచి కొలిచినా ఒకటే నియమం. నేను ఆ మాటని మా వాడలో దేవుణ్ణి నమ్మినట్టు నమ్మాను.

జర్మనీలో నాకు మొదటి దెబ్బ తగిలింది. నేను అక్క కన్నా నలుపు, అక్క రాత్రి కన్నా నలుపు అని మా వాడలో నవ్వుకునేవారు. అక్కడ నేను ఒక సదస్సులో మాట్లాడాను. మాట్లాడటం అయ్యాక ముందు వరుసలో ఒక పెద్దమనిషి లేచి చాలా మంచి ప్రశ్న అడిగాడు. నన్ను కాదు. ప్రొజెక్టరు సర్దడానికి వచ్చి నా పక్కన నిలబడ్డ ఒక తెల్ల కుర్రవాణ్ణి. ఆ కుర్రవాడు బిత్తరపోయి, నాకేం తెలుసు, నేను వైర్లు చూసేవాణ్ణి అన్నాడు. హాలంతా నవ్వింది. పెద్దమనిషి కూడా నవ్వాడు. నేనూ నవ్వాను, చెప్పుకోవడానికి సిగ్గేస్తుంది కానీ. ఆ రోజు మన దేశం నుంచి వచ్చిన పరిశోధకులంతా నా గదికి వచ్చి మండిపడ్డారు. తెల్లవాళ్ళ పొగరు చూశావా, మనమంటే ఎంత చులకన, అని. మనమంటే అన్న మాట ఎంత హాయిగా ఉందో! వాళ్ళలో ఒకావిడ వెళ్ళబోతూ గుమ్మం దగ్గర ఆగి, "ఇంతకీ మీ ఇంటిపేరేంటి? మీ నాన్నగారు ఏం చేసేవారు?" అని అడిగింది. చెప్పాను. ఆ తర్వాత వాళ్ళు ఆదివారం వంటలకి నన్ను పిలవడం మర్చిపోయారు. ఒకే రోజులో రెండు వైపుల నుంచి తగిలేసరికి నాకు ఏ దెబ్బకి ఏడవాలో తెలియలేదు. అప్పుడు కూడా అనుకున్నాను, మనుషులు ఇంతే, లెక్క మాత్రం నాదే కదా అని.

ఇక అసలు సంగతి. ఈ మధ్యే దేశంలో పేరున్న ఒక పరిశోధన సంస్థలో పర్మినెంటు ఉద్యోగానికి ప్రకటన పడింది. నా వయసుకి ఇదే ఆఖరి అవకాశం. ఇది పోతే ఇక జన్మంతా గెస్టునే. చివరి వడపోతలో నేను మిగిలాను. ఆన్‌లైన్‌లో ప్రసంగం ఇవ్వాలి, వాళ్ళ కమిటీ వింటుంది. విద్యార్థులు కూడా వినొచ్చు. మా సార్‌ని కూడా పిలిచారు, నాతో కలిసి రాసినాయన కాబట్టి. ఓటు లేదు, మాట అడిగితే చెప్పాలి.

మాఘమాసం ఎండ. బయట ట్రాక్టరు ఇంజనుతో పసుపు పాలిష్ పట్టే డ్రమ్ము గడగడా తిరుగుతోంది. సందు సందంతా పసుపు దుమ్ము. అక్క పోయి డ్రమ్ము వాళ్ళతో కొట్లాడి వచ్చింది. "గంటసేపు బంజేయుండ్రి, మా చెల్లె బయటి దేశపోళ్ళతోని మాట్లాడుతున్నది" అని చెప్పిందట. బయటి దేశం కాదక్కా, మన దేశమే అన్నాను. "నాకైతే రెండూ ఒక్కటే" అంది. డ్రమ్ము ఆగింది. నల్లగోడ ముందు కుర్చీ వేసుకుని మొదలుపెట్టాను.

బాగా వచ్చింది. అలా ఎప్పుడో గానీ రాదు. క్రమం తిరగేసిన చోటికి వచ్చేసరికి అందరూ ముందుకి వంగడం తెర మీద కనపడింది. ప్రశ్నలు అడిగారు, అన్నిటికీ జవాబు చెప్పాను. ఇక థాంక్స్ చెప్పి ముగించాలి, సరిగ్గా అప్పుడు కరెంటు పోయింది. వైఫై పోయింది. తెర మీద అందరూ బొమ్మల్లా ఆగిపోయారు.

"అయ్యో, మధ్యల పోయిందా?" అంది అక్క.

"అయిపోయిందక్కా. గని థాంక్స్ చెప్పలే. మర్యాద గాదు."

"అయితే నా ఫోన్ల చెయ్యి. దీంట్ల నెట్టు మస్తున్నది."

అక్క ఫోన్‌లో లింకు తెరిచి మళ్ళీ లోపలికి వెళ్ళాను. నా పేరు కనపడదు, ఫోన్ కంపెనీ పెట్టిన మోడల్ నంబరు కనపడుతుంది. కెమెరా, మైకు ఆపే ఉన్నాయి. ఆ ఫోన్‌లో స్పీకరుకి మాత్రం గొంతు పెద్దది. మాటలు గదంతా వినపడుతున్నాయి. మాటలన్నీ ఇంగ్లీషులోనే, నేను తెలుగులో రాస్తున్నాను.

"అందరూ వెళ్ళినట్టేనా?" అని కమిటీ అధ్యక్షుడి గొంతు.

"ఎవరో విద్యార్థులు ఒకరిద్దరు మిగిలినట్టున్నారు. పోతారులెండి" అన్నాడు ఇంకో సభ్యుడు.

వీళ్ళు విశ్వం పుట్టిన మొదటి క్షణం గురించి పాఠాలు చెప్పేవాళ్ళు. మీటింగుకి తలుపు ఎలా వేయాలో ఒక్కరికీ తెలియదు. ఉన్నది ఎవరో అడిగిన పాపాన కూడా పోలేదు. నేను మైకు బొత్తాం మీద వేలు పెట్టాను, థాంక్స్ చెప్దామని.

"ప్రసంగం చాలా బాగుంది" అన్నాడు అధ్యక్షుడు. వేలు ఆగింది. పొగడ్త మధ్యలో దూరడం బాగుండదు కదా, ఇంకాస్త విందామనిపించింది. మనిషినే కదా నేను.

"బాగుంది, కాదనను. కానీ ఆ కాలాన్ని ముందు తీసుకోవడం ఉంది చూశారూ, అది చాలా గట్టి ఆలోచన. అది ఈమెదేనంటారా?" సభ్యుడు.

"ఏం చెప్పగలం, రెండు పేర్లున్నాయి. అక్షర క్రమం."

"అక్షర క్రమమైనా తెలుస్తూనే ఉంటుంది లెండి." ఇద్దరూ చిన్నగా నవ్వారు. "సార్ ఇక్కడే ఉన్నారుగా, అడిగేద్దాం."

మా సార్‌ని అడుగుతారు. నా గుండె కుదుటపడింది. ఇంతకన్నా మంచి సాక్షి ఎవరుంటారు నాకు?

"ఏమే, నౌకరీ అచ్చినట్టేనా?" అని అక్క గుసగుసగా అడిగింది.

"ఆగక్కా, సారు చెప్తుండు" అన్నాను. అక్క వైపు చూసి నవ్వాను కూడా.

మా సార్ గొంతు సవరించుకున్నారు. "మన రంగంలో అలా విడదీసి చెప్పే ఆనవాయితీ లేదు కదా."

"ఆనవాయితీ సంగతి అలా ఉంచండి. జీవితాంతం ఉండే ఉద్యోగం ఇవ్వాలి మనం. మీరు చేశారా, ఆమె చేసిందా?"

"నేను చేయలేదు" అన్నారాయన. స్పష్టంగా, గట్టిగా.

"అయితే ఆమేనా?"

జవాబు రాలేదు. నెట్టు పోయిందేమో అనుకుని ఫోన్ ఊపాను. నెట్టు ఉంది. ఆయన కుర్చీ కిర్రుమనడం వినపడింది. ఆయన నీళ్ళు నములుతున్నారు. నన్ను ల్యాబులోకి పోనీయకుండా చేయి పట్టి లాక్కుపోయిన మనిషి, ఒక్క "అవును" కోసం నీళ్ళు నములుతున్నారు.

చివరికి అన్నారు: "ఆమె చాలా కష్టపడుతుంది. అంత కష్టపడే విద్యార్థిని నేను చూడలేదు."

బయటివాళ్ళకి ఇది పొగడ్తలా వినపడొచ్చు. మా రంగంలో కాదు. సిద్ధాంతం చేసేవాళ్ళలో బుర్ర ఉన్నవాణ్ణి పదునైనవాడంటారు, లోతైనవాడంటారు. బద్ధకస్తుడంటే కూడా గొప్పే, బుర్ర ఉంది కాబట్టి బద్ధకం అని. కష్టపడుతుంది అన్నారంటే మిగతావేవీ లేవని. ఆ మాట పడ్డాక ఇక ఫైలు కట్టేయడమే. ఇది ఆయనకి తెలుసు. నాకు నేర్పిందే ఆయన.

"మీరెప్పుడూ ఇంతే సార్" అన్నాడు అధ్యక్షుడు మెచ్చుకోలుగా. "చేసింది మీరు, పేరు మాత్రం శిష్యులకి. ఈ రోజుల్లో ఎవరున్నారు ఇలా?"

"కాదు కాదు, నిజంగా నేను చేయలేదు" అన్నారు మా సార్.

ఆయన కాదన్న కొద్దీ ఆయన మరింత గొప్పవాడైపోతున్నాడు. గోడ మీద లెక్క అలాగే ఉంది, నా చేతిరాత, సుద్ద ఇంకా నా వేళ్ళకి అంటుకుని ఉంది. చేయలేదన్నవాడికి కట్టబెడుతున్నారు. చేసిన మనిషిని ఎవరూ అడగడం లేదు.

"ఏదేమైనా ఆ వెనకబాటు నుంచి ఇంతదూరం రావడమే గొప్ప" అన్నాడు సభ్యుడు. "బడులకు తిరిగి సైన్సు ప్రచారం చేసే పోస్టొకటి ఉంది కదా, దానికి అచ్చంగా సరిపోతుంది. పల్లె పిల్లలకి స్ఫూర్తి."

ఇక నా వల్ల కాలేదు. మైకు తెరిచాను. కెమెరా కూడా తెరిచాను.

"సర్, నేను ఇక్కడే ఉన్నాను."

"ఎవరది?" అధ్యక్షుడు ఉలిక్కిపడ్డాడు.

"నేనే. కరెంటు పోయింది, వేరే ఫోన్‌లో వచ్చాను. ఆ లెక్క నేను చేశాను సర్. ఇప్పుడే మీ ముందు మొదటి నుంచి చేసి చూపిస్తాను. గోడ నా వెనకే ఉంది. ఎక్కడ కావాలంటే అక్కడ ఆపి అడగండి."

తెర మీద మూడు ముఖాలు. నేను ఒక్క ముఖమే చూస్తున్నాను. "సర్, మీరు చెప్పండి" అన్నాను. ఆయన కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నారు. తల ఎత్తలేదు.

"మీరు ఈ చర్చలో ఉండకూడదు" అన్నాడు అధ్యక్షుడు. అప్పటికి తేరుకున్నాడు. "ఇది గోప్యంగా జరగాల్సింది. దొంగచాటుగా వినడం చాలా పెద్ద తప్పు. మీలాంటివారి నుంచి ఇది ఊహించలేదు." మీటింగు ఆగిపోయింది. తప్పు నాదైంది. నేను ఫోన్ పట్టుకుని అలాగే నిలబడ్డాను. నివ్వెరపోవడం అంటే పుస్తకాల మాట అనుకునేదాన్ని. చెవుల్లో ఏమీ వినపడక, ఎదురుగా ఉన్న అక్క నోరు కదులుతుంటే చూస్తున్నాను.

"ఏమైందే? గట్ల నిలవడ్డవేంది? చెప్పు."

"లెక్క నాది గాదంటున్నరక్కా."

"మరెవలదంట?"

"తెల్వదంట."

"తెల్వకుంటే నిన్ను అడగాల్నా వద్దా?" అక్క చాట పక్కన పెట్టి లేచి నన్ను పట్టుకుంది. బయట డ్రమ్ము మళ్ళీ మొదలైంది.

ఉద్యోగం రాలేదు. అది మీరు ఊహించే ఉంటారు. కాలేజీకి పోతూనే ఉన్నాను. ఒకరోజు పాఠంలో అలవాటుగా ఆ మాట వచ్చింది, ప్రకృతి నియమాలకి చూసేవాడు ఎవరన్నది పట్టదు అని. సగంలో ఆగిపోయాను. పిల్లలు రాసుకోవడానికి పెన్నులు పట్టుకుని చూస్తున్నారు. మిగతా సగం నా నోటికి రాలేదు. దగ్గు వచ్చినట్టు నటించి, లెక్కలు చేయండి అని చెప్పి కూచున్నాను.

సాయంత్రాలు ఇంటికి పోకుండా మార్కెట్ యార్డు వైపు నడిచేదాన్ని. కమ్మర్‌పల్లి వైపు నుంచి పసుపు బస్తాల ట్రాక్టర్లు బారులు తీరి వస్తుండేవి. నేను నడుస్తూ మా సార్‌తో మనసులో కొట్లాడేదాన్ని. భయపడి ఉంటారు, పెద్దవాళ్ళ ముందు నోరు రాక. కాదు, పేరు మీద ఆశ పుట్టి ఉంటుంది, ముసలితనంలో అందరికీ పుడుతుంది. కానీ మరి నేను చేయలేదని రెండుసార్లు ఎందుకన్నారు? అక్కడికి వచ్చి ఆగిపోయేదాన్ని. నేను చేయలేదు, ఆమె చేసిందని చెప్పను. ఈ రెండూ ఒక మనిషి నోట్లో ఎలా ఇముడుతాయి? ఎన్ని కష్టమైన సమీకరణాలు విప్పానో, ఇది మాత్రం విప్పలేకపోయాను. అది అలాగే విప్పకుండా ఉండిపోయినా బాగుండేది.

ఒక ఆదివారం పొద్దున ఆయనే ఫోన్ చేశారు. అక్క తడిగుడ్డలో చుట్టిన ఆకు తీసి కత్తిరించుకుంటోంది. స్పీకరు పెట్టి మాట్లాడు, నేను గూడ వింట అంది. పెట్టాను.

"అమ్మా, కోపంగా ఉన్నావా?"

ఎన్ని మాటలు కూడబెట్టుకున్నానో! ఆ "అమ్మా" వినగానే అన్నీ ఎటో పోయాయి. "సర్, మీరెందుకు చెప్పలేదు?" అన్నాను. ఏడుపు వచ్చింది.

"నేను చేశానని అనలేదు కదమ్మా. ఇంకొకరి గొప్ప నాకొద్దు. నా సంగతి నీకు తెలుసు."

"మరి నేను చేశానని ఎందుకు అనలేదు సర్?"

చాలా బాధగా, నిజంగా బాధగా అన్నారు: "అబద్ధం చెప్పలేకపోయానమ్మా."

నాకు అర్థం కాలేదు. అబద్ధమా? ఏది?

"ఇన్నాళ్ళూ నేను అడగలేదు. అడిగితే నువ్వు చిన్నబుచ్చుకుంటావని. నీకు ఉద్యోగం రావాలి, నువ్వు బాగుపడాలి, అంతే నాకు కావాల్సింది. వాళ్ళు అలా ముఖం మీద అడుగుతారనుకోలేదు. ఇప్పటికైనా నాతో చెప్పు, నేనెవరికీ చెప్పను. అది ఆ జర్మనీ ప్రొఫెసరు చెప్పిందేగా? తన పేరు వద్దన్నాడా?"

నేను గోడకి ఆనుకున్నాను. ఇంతకాలం నేను ఈయన్ని భయస్థుడనుకున్నాను, ఆశపోతు అనుకున్నాను, దొంగ అని కూడా అనుకున్నాను. దొంగ అయినా ఎంత బాగుండేది. దొంగకి ఆ సొమ్ము ఎవరిదో తెలుసు. ఈయనకి తెలియదు. ఫోన్‌లో నేను మెట్టు తర్వాత మెట్టు చెప్తుంటే విన్న మనిషి, ప్రశ్న అడిగితే నేను అప్పటికప్పుడు జవాబు చెప్తుంటే విన్న మనిషి, ఆ మాటలన్నీ ఎవరో అప్పజెప్పినవి అనుకుంటూ విన్నారు. పక్కన కూచోబెట్టుకుని అన్నం పెట్టిన మనిషే అలా అనుకున్నారు. వ్యాసంలో నా ఇంగ్లీషు దిద్దుతూ అనుకున్నారు. నన్ను అంత ప్రేమించి కూడా, నా బుర్రలో ఆ ఆలోచన పుట్టి ఉంటుందని ఆయనకి ఒక్కసారైనా తోచలేదు. ప్రొజెక్టరు కుర్రవాణ్ణి ప్రశ్న అడిగిన తెల్లవాడికి నా పేరు కూడా తెలియదు. ఈయనకి నా గురించి అంతా తెలుసు.

"నేనే చేశాను సర్" అన్నాను.

"సరే అమ్మా" అన్నారాయన మెత్తగా. "నువ్వంటే నువ్వే." మొండికేసిన చిన్నపిల్లని ఊరుకోబెట్టే గొంతు అది. దానిలో కోపం లేదు, వెక్కిరింత లేదు. నమ్మకం కూడా లేదు.

ఈసారి మాటలు తెలుగులో సాగాయి కాబట్టి అక్కకి అంతా అర్థమైంది. కత్తెర కింద పెట్టింది. చేతులు చీర కొంగుకి తుడుచుకుని, నా చేతిలోంచి ఫోన్ లాక్కుంది.

"సారూ, గా లెక్క మా ఇంట్ల చేసింది. ఎవలు చెప్పలే. నా ముంగటనే చేసింది, ఏడ్సుకుంట చేసింది, నేను రెండు కండ్లతోని సూసిన."

ఆయన నెమ్మదిగా అడిగారు: "మీరెవరమ్మా?"

"నేనా?" అంది అక్క. "గా లెక్క చేసినదాని అక్కను."